దోమల జబ్బుల టీకా పరిశోధనకు డబ్బు ఎలా ఇవ్వాలి

మలేరియా పేరు మీద ఇచ్చిన విరాళం మలేరియా టీకా పరిశోధనకే వెళ్తుందనుకోకండి. ఇందులో మోసమేమీ లేదు. దోమతెరలు పంచే సంస్థకిస్తే వాళ్లు దోమతెరలు కొంటారు. గావి లాంటి సంస్థకిస్తే, ఇప్పటికే తయారైన టీకాలను పేద దేశాల పిల్లలకు అందిస్తారు. అవి ఈ ఏడాదే ప్రాణాలు కాపాడే పనులు. పరిశోధన అలా కాదు. ఇవాళ ఇచ్చిన డబ్బు పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఫలిస్తుంది, అసలు ఫలించకపోవచ్చు కూడా. ఆ సంగతి తెలిసే ఇద్దామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు జీతంలోంచి కొంత తీసిపెట్టేవారు కావచ్చు, కుటుంబ ట్రస్టు వ్యవహారాలు చూసేవారు కావచ్చు, కంపెనీ విరాళాల నిధి మీ చేతిలో ఉండవచ్చు. మొత్తం ఎంతైనా అడగాల్సిన ప్రశ్నలు దాదాపు ఒకటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మలేరియా సుమారు 5,97,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆఫ్రికాలో పోయినవాళ్లలో ముప్పావు వంతు అయిదేళ్లలోపు పిల్లలే. మరి రెండు టీకాలు వచ్చేశాయి కదా, ఇంకా పరిశోధన దేనికి అని మీ ట్రస్టు సమావేశంలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ జవాబు ముందు మీ దగ్గర ఉండాలి.

మొదటి మెట్టు: జబ్బును కాదు, దాని చిక్కును చూసి ఎంచుకోండి

దోమల జబ్బులన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, టీకా తయారుచేసేవాళ్లకు ఒక్కో జబ్బుది ఒక్కో తలనొప్పి. ఎల్లో ఫీవర్‌నే తీసుకోండి. 1930లలో మాక్స్ థైలర్ బృందం తయారుచేసిన 17డి టీకా ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒక్క డోసు వేస్తే దాదాపు జీవితాంతం రక్షణ. అక్కడ కొరత టీకాల సరఫరాదే కాబట్టి కొత్త టీకా కోసం మీ డబ్బు అంత అవసరం లేదు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ సంగతీ ఇంచుమించు ఇంతే.

డెంగీ దగ్గరికి వస్తే కథ మారిపోతుంది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గాక రెండో రకం సోకితే, మొదటిసారి తయారైన యాంటీబాడీలే కొందరిలో జబ్బును ముదరబెడతాయి. టీకా కూడా అదే పని చేస్తేనో? 2016 నుంచి ఫిలిప్పీన్స్‌లో డెంగ్వాక్సియా టీకాను ఎనిమిది లక్షలకు పైగా పిల్లలకు వేశారు. 2017 నవంబరులో తయారీ సంస్థ సనోఫీయే ముందుకొచ్చి, అంతకుముందు డెంగీ రానివాళ్లకు ఈ టీకా వేస్తే తర్వాత తీవ్రమైన డెంగీ వచ్చే ముప్పు పెరగవచ్చని చెప్పింది. కార్యక్రమం ఆగిపోయింది, మిగతా టీకాల మీద కూడా జనానికి నమ్మకం సడలింది. అందుకే డెంగీ టీకాకు డబ్బు ఇవ్వడమంటే ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించడానికి డబ్బు ఇవ్వడం. మూడు నెలల్లో ఫలితం చూపిస్తామని ఎవరైనా అంటే అక్కడే ఆగండి.

జికాది ఇంకో రకం చిక్కు. 2015-16లో బ్రెజిల్ నుంచి అది వ్యాపించినప్పుడు పరిశోధనకు డబ్బు వరదలా వచ్చింది. 2017 కల్లా కేసులు పడిపోయాయి. కేసులు లేనిచోట టీకా పనిచేస్తోందో లేదో తేల్చే ట్రయల్ జరపలేరు. నిధులు వెనక్కి వెళ్లాయి, సనోఫీ తన జికా టీకా పనిని ఆ ఏడాదే ఆపేసింది. జికాకు ఆమోదం పొందిన టీకా ఇప్పటికీ లేదు. వార్తల్లో జబ్బు మోగుతున్నప్పుడే డబ్బు ఇవ్వడం ఎంత దండగో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఇక మలేరియా. ఇది వైరస్ కాదు, అయిదు వేలకు పైగా జన్యువులున్న పరాన్నజీవి. దోమ కుట్టినప్పుడు ఒక రూపం, కాలేయంలో మరో రూపం, రక్తంలో ఇంకో రూపం, మళ్లీ దోమలోకి వెళ్లేటప్పుడు వేరే రూపం. ఇప్పుడున్న ఆర్‌టీఎస్‌ఎస్, ఆర్21 టీకాలు రెండూ మొదటి రూపం మీది ఒకే ప్రొటీన్‌ను గురిపెడతాయి. ఆ కాపలా దాటి కాలేయం నుంచి రక్తంలోకి వచ్చేసిన పరాన్నజీవిని అవి ఏమీ చేయలేవు. పైగా రక్షణ కాలం గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఈ రెండు టీకాలూ ఫాల్సిపారం అనే రకం మలేరియాకే. కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి మళ్లీ లేచే వైవాక్స్ మలేరియాకు ఆమోదం పొందిన టీకా ఒక్కటీ లేదు. మీ సమావేశంలో అడిగిన పెద్దమనిషికి ఇదే జవాబు.

కొత్త డబ్బు అవసరం ఉన్నది ఈ ఖాళీల్లోనే. రక్తంలో ఉన్న రూపాన్ని కొట్టే ఆర్‌హెచ్5 టీకా బుర్కినా ఫాసోలో పిల్లల మీద చేసిన రెండో దశ ట్రయల్‌లో 55 శాతం సామర్థ్యం చూపింది. దోమకు మలేరియా అంటకుండా అడ్డుకునే టీకాల మీద మాలిలో పరీక్షలు నడిచాయి. వైవాక్స్ మీద పనిచేసే బృందాలు కొన్నే. నన్నడిగితే చిన్న మొత్తంతో ఎక్కువ తేడా తేగలిగేది వైవాక్స్‌లోనే, ఎందుకంటే అక్కడ పోటీ తక్కువ, డబ్బు అవసరం ఎక్కువ.

రెండో మెట్టు: డబ్బు ఏ దశలో ఆగిపోతోందో చూడండి

ఇది అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు, చాలామంది దాటేసేదీ ఇదే.

ల్యాబులో ఆలోచనకు ప్రభుత్వ గ్రాంట్లు దొరుకుతాయి. ఆమోదం పొందిన టీకాను కొనడానికి అంతర్జాతీయ నిధులున్నాయి. నడుమ ఉన్న దారిలోనే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది. ఎలుకల్లో బాగా పనిచేసిన టీకాను మనుషులకు ఎక్కించేంత శుద్ధంగా తయారుచేయాలి, మొదటి దశలో కొన్ని పదుల మందిలో భద్రత చూడాలి, రెండో దశలో కొన్ని వందల మందిలో చూడాలి. 2018లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కన, విజృంభించే అంటువ్యాధులకు ఒక టీకాను ప్రీక్లినికల్ దశ (మనుషుల మీద పరీక్షకు ముందు దశ) నుంచి రెండో దశ మొదటి భాగం ముగిసేదాకా తేవడానికి 3.1 నుంచి 6.8 కోట్ల డాలర్లు అవుతుంది. అదీ మధ్యలో ఏదీ ఫెయిల్ కాకపోతే. మలేరియా, డెంగీ ఎక్కువగా ఉన్నది పేద జనం మధ్య కాబట్టి, అంత డబ్బు పెట్టి తిరిగి రాబట్టుకోగలమన్న ధీమా కంపెనీలకు ఉండదు.

ఆర్‌టీఎస్‌ఎస్ నడిచిన దారి చూడండి. 1987 ప్రాంతంలో జీఎస్‌కే కంపెనీ, అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ సంస్థ కలిసి పని మొదలుపెట్టాయి. 2001లో పాత్ అనే లాభాపేక్ష లేని ఆరోగ్య సంస్థ గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో చేయి కలిపాక గానీ పిల్లల మీద ట్రయల్స్ ఊపందుకోలేదు. 2009 నుంచి 2014 దాకా ఏడు ఆఫ్రికా దేశాల్లో, వేల మంది పిల్లల్లో చూసే మూడో దశ జరిగింది. 2015లో ఐరోపా మందుల నియంత్రణ సంస్థ సానుకూలంగా చెప్పింది. అయినా ఘనా, కెన్యా, మలావీల్లో నమూనా కార్యక్రమం మొదలయ్యేసరికి 2019 వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు 2021 అక్టోబరులో వచ్చింది. మొదట పనిలో చేరిన యువ శాస్త్రవేత్తలు రిటైర్మెంట్‌కు దగ్గరపడి ఉంటారు. సైన్స్ కష్టమైనదే, కాదనను. కానీ ఈ ఏళ్లన్నీ సైన్స్ తినేసినవి కావు. తర్వాతి దశకు డబ్బు ఎవరు పెట్టాలన్న బేరాల్లో కూడా కొన్ని కరిగిపోయాయి.

మీరు చేయాల్సిన పని ఇది. మీకు నచ్చిన టీకా ఏ దశలో ఉందో రాసుకోండి. ఆ దశకు ఇప్పుడు ఎవరు డబ్బు ఇస్తున్నారో, తర్వాతి దశకు ఎవరైనా ఒప్పుకున్నారో లేదో బృందాన్ని అడగండి. నిర్లక్ష్యానికి గురైన జబ్బుల పరిశోధనకు ఎవరెంత ఇస్తున్నారో జీ-ఫైండర్ అనే సర్వే ఏటా లెక్క తీస్తుంది. అది ఉచితంగా చూడొచ్చు, ఒక సాయంత్రం కూర్చుంటే అర్థమవుతుంది. ప్రపంచం మొత్తం మీద మలేరియా పరిశోధనకు, అంటే టీకాలు, మందులు, పరీక్షలు అన్నీ కలిపి, 2022లో వచ్చింది సుమారు 60 కోట్ల డాలర్లు. అంతకుముందు పదిహేనేళ్లలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాలను మూసేసినప్పుడు ఆ సంస్థ దశాబ్దాలుగా మలేరియా టీకాలకు ఇస్తూ వచ్చిన డబ్బూ ఆగిపోయింది. పెద్ద దాతలు కొద్దిమందే ఉన్నచోట ఒకరు తప్పుకుంటే సగంలో ఉన్న ట్రయల్స్ మీద దెబ్బ పడుతుంది.

మూడో మెట్టు: మీ మొత్తానికి తగిన పని వెతకండి

కోట్ల డాలర్ల మాట విని నీరుగారిపోకండి. చిన్న డబ్బు బాగా పనికొచ్చే చోట్లు ఉన్నాయి. అవి బయటికి అంత గొప్పగా కనిపించవు, అంతే.

దోమల గదినే తీసుకోండి. మలేరియా వ్యాప్తిని ఆపే టీకా పనిచేస్తోందో లేదో తెలియాలంటే, టీకా వేయించుకున్న మనిషి రక్తంలోని యాంటీబాడీలను పరాన్నజీవి ఉన్న రక్తంతో కలిపి, పలుచని పొర కింద ఒంటి వేడిలో ఉంచి, దోమలతో తాగించాలి. వారం ఆగి ఒక్కో దోమ పొట్టను సూదులతో విప్పి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పరాన్నజీవి బొబ్బల్ని లెక్కపెట్టాలి. ఒక్కో పరీక్షకు పదుల కొద్దీ దోమలు. ఆ దోమలు బజార్లో దొరకవు. గదిని వెచ్చగా, తేమగా ఉంచి, లార్వాలకు రోజూ మేత వేసి, గుడ్ల నుంచి పెంచాలి. పండగొచ్చినా ఆదివారమైనా ఆ పని ఆగడానికి లేదు. ఒక్క వారం తప్పితే కాలనీ చచ్చి, నెలల పరిశోధన వాయిదా పడుతుంది. ఇలాంటి టెక్నీషియన్ జీతం చాలాసార్లు ఏదో ఒక ప్రాజెక్టు గ్రాంట్‌కు ముడిపడి ఉంటుంది. గ్రాంట్ అయిపోతే మనిషి వెళ్లిపోతాడు, పదేళ్ల చేతి నేర్పు ఆయనతోనే పోతుంది. మూడేళ్ల జీతానికి మీరు హామీ ఇస్తే ల్యాబు ఊపిరి పీల్చుకుంటుంది.

ఇంకా ఉన్నాయి. ట్రయల్ ముగిశాక పిల్లల్ని మరో ఏడాది గమనించడం, రక్త నమూనాలను భద్రపరిచే ఫ్రీజర్లు, వాటికి కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు, జబ్బు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చే పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్‌లు. నా ఓటు ఫెలోషిప్‌లకే.

కొంచెం పెద్ద మొత్తం ఉంటే మనుషుల్లో నియంత్రిత సంక్రమణ అధ్యయనాలను చూడండి. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు టీకా వేసి, సాధారణంగా మలేరియా ఉన్న అయిదు దోమలతో కుట్టిస్తారు. రోజూ రక్త పరీక్ష చేసి, పరాన్నజీవి కనిపించగానే మందు ఇచ్చి తగ్గిస్తారు. కొద్దిమందితో, కొన్ని నెలల్లో, ఈ టీకాను ముందుకు తీసుకెళ్లాలా వద్దా అన్నది చాలావరకు తేలిపోతుంది. పనికిరాని టీకాను తొందరగా పక్కన పెట్టేయడం కూడా డబ్బు ఆదాయే.

నాలుగో మెట్టు: ఎవరికి ఇవ్వాలి

మూడు రకాల వాళ్లున్నారు. పాత్, యూరోపియన్ వ్యాక్సిన్ ఇనిషియేటివ్ లాంటి లాభాపేక్ష లేని సంస్థలు టీకాను ఒక దశ నుంచి మరో దశకు నడిపిస్తాయి. 2017లో మొదలైన సెపి అనే అంతర్జాతీయ కూటమి విజృంభించే వ్యాధుల టీకాల మీద పనిచేస్తుంది. చికున్‌గన్యా, రిఫ్ట్ వ్యాలీ ఫీవర్ దాని జాబితాలో ఉన్నాయి కానీ మలేరియా దాని ప్రధాన పని కాదు. రెండో రకం విశ్వవిద్యాలయాలు. ఆర్21 పుట్టిన ఆక్స్‌ఫర్డ్ జెన్నర్ ఇన్‌స్టిట్యూట్ అలాంటిదే. విశ్వవిద్యాలయానికి ఇస్తే ఫలానా బృందానికి, ఫలానా పనికి అని కాగితం మీద రాయించుకోండి, లేకపోతే అది సాధారణ నిధిలో కలిసిపోతుంది.

మూడో రకం, ట్రయల్స్ నిజంగా జరిగే చోటి సంస్థలు. టాంజానియాలో ఇఫకారా, కెన్యాలో కిలిఫీ, మాలిలో బమాకో, బుర్కినా ఫాసోలో నానోరో కేంద్రాలు లేకుండా ఏ మలేరియా టీకా కూడా ముందుకు వచ్చేది కాదు. పేరు మాత్రం ఎక్కువగా విదేశీ భాగస్వామికే పోతుంది. వీలైతే వీటికే నేరుగా ఇవ్వండి. మీ దేశం నుంచి బయటికి డబ్బు పంపడానికి ఏ అనుమతులు కావాలో, పన్ను మినహాయింపు వర్తిస్తుందో లేదో మీ ఆడిటర్‌ను ముందే అడగాలి. డబ్బు పంపాక అడిగితే లాభం లేదు.

అయిదో మెట్టు: సంతకానికి ముందు అడగాల్సినవి

ట్రయల్ రిజిస్టర్ అయిందా? క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో గానీ, పాన్ ఆఫ్రికన్ రిజిస్ట్రీలో గానీ నంబరు ఉండాలి. ఆ నంబరు తీసుకుని మీరే వెతకండి. అక్కడ రాసిన లక్ష్యాలూ, మీకు పంపిన బ్రోషర్‌లో ఉన్నవీ ఒకటేనా చూడండి.

ఫలితం చెడ్డదైతే కూడా ప్రచురిస్తారా? నోటిమాట చాలదు, ఒప్పందంలో ఉండాలి.

ఓవర్‌హెడ్, అంటే సంస్థ నడవడానికయ్యే ఖర్చు, ఎంత? ఇక్కడ చాలామంది దాతలు పిసినారితనం చూపిస్తారు. కరెంటు, అకౌంట్లు, ఎథిక్స్ కమిటీ పనులు లేకుండా ట్రయల్ జరగదు. ఓవర్‌హెడ్ సున్నా అని ఎవరైనా చెబితే నేనైతే మెచ్చుకోను, అనుమానిస్తాను. ఆ ఖర్చు ఇంకెక్కడో దాచి ఉంటారు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న: టీకా విజయవంతమైతే దాని హక్కులు ఎవరివి, ధర ఎంత? తొలి దశలో డబ్బు ఇచ్చేవాళ్లకే ఈ మాట అడిగే బలం ఉంటుంది, తర్వాత ఎవరూ వినరు. ఆర్21ను భారీగా తయారుచేయడానికి భారత్‌లోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తొలినాళ్లలోనే భాగస్వామి అయింది. సిఫారసు వచ్చేనాటికి డోసు ధర 2 నుంచి 4 డాలర్ల మధ్య అని చెప్పగలిగారు. పేద దేశాలకు అందుబాటు ధరకు ఇవ్వాలి, కంపెనీ వదిలేస్తే హక్కులు వేరేవాళ్లకు బదిలీ కావాలి అన్న రెండు వాక్యాలు ఒప్పందంలో రాయించండి. గేట్స్ ఫౌండేషన్ లాంటి పెద్ద దాతలు ఇలాంటి షరతులు మామూలుగానే పెడతారు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోరు.

ఆరో మెట్టు: డబ్బును విడతలుగా, కానీ సకాలంలో

మొత్తం ఒకేసారి ఇవ్వకండి. టీకా బ్యాచ్ తయారు కావడం, ఎథిక్స్ అనుమతి, మొదటి వాలంటీర్ చేరడం లాంటి మైలురాళ్లకు ఒక్కో విడత కట్టండి. టీకా బాగా పనిచేయాలి అన్నది మాత్రం మైలురాయి కాకూడదు, ఎందుకంటే అది లెక్కలకు మెరుగులు దిద్దే కోరిక పుట్టిస్తుంది. మలేరియా ట్రయల్స్‌కు వానాకాలంతో లంకె ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. మీ సంతకం రెండు నెలలు ఆలస్యమైతే దోమల కాలం దాటిపోయి, ట్రయల్ ఏడాది వెనక్కి పోవచ్చు.

పెద్ద ట్రస్టులకు ఇంకో దారి ఉంది. డబ్బు ఇవ్వకుండా హామీ ఇవ్వడం. ఆర్‌టీఎస్‌ఎస్‌కు సిఫారసు వస్తుందో రాదో తెలియని రోజుల్లో, ఉత్పత్తి ఆగకుండా జీఎస్‌కే, గావి, ఇలాంటి ఆర్థిక హామీలిచ్చే మెడ్‌యాక్సెస్ అనే సంస్థ 2021లో ఒప్పందం చేసుకున్నాయి. సిఫారసు రాకపోతే నష్టం మెడ్‌యాక్సెస్ భరించేది. సిఫారసు వచ్చింది.

ఏడో మెట్టు: రిపోర్టులో శాతాలను ఎలా చదవాలి

ఏడాది తిరిగేసరికి మీకో రిపోర్టు వస్తుంది. అందులో ఒక శాతం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆర్21 ఒక ట్రయల్‌లో 77 శాతం, ఆర్‌టీఎస్‌ఎస్ మూడో దశలో 36 శాతం అని పక్కపక్కన పెడితే మొదటిది రెట్టింపు మంచిదనిపిస్తుంది. కానీ మొదటి లెక్క వానాకాలానికి ముందు టీకా వేసి ఒక్క ఏడాది చూసినది. రెండోది ఏడాది పొడవునా మలేరియా ఉండే ప్రాంతాలతో సహా, దాదాపు నాలుగేళ్లు చూసినది. ఆర్21 మూడో దశలో కూడా మలేరియా కాలానికి ముందు వేసినచోట ఏడాదికి 75 శాతం, మామూలుగా వేసినచోట 68 శాతం వచ్చింది. కాబట్టి ప్రతి శాతం పక్కన మూడు ప్రశ్నలు రాసుకోండి: ఎంతకాలం చూశారు, ఎక్కడ చూశారు, దేన్ని ఆపిందని లెక్కించారు. జ్వరాన్నా, తీవ్రమైన జబ్బునా, మరణాన్నా?

ఆమోదం వచ్చాక కూడా కథ ముగియదు. చికున్‌గన్యాకు ఇక్స్‌చిక్ టీకాను అమెరికా 2023లో ఆమోదించింది. తీవ్రమైన దుష్ప్రభావాల సమాచారం వచ్చాక 2025లో లైసెన్సును నిలిపేసింది. టీకా జనంలోకి వెళ్లాక భద్రతను గమనించే అధ్యయనాలకు దాతలు తక్కువ, ఎందుకంటే అప్పటికి వార్త పాతబడిపోతుంది. మీ డబ్బులో కొంత దీనికోసం పక్కన పెట్టగలిగితే పెట్టండి.

చివరిది, ఖర్చు లేని మెట్టు

నిర్లక్ష్యానికి గురైన జబ్బుల పరిశోధనలో ఎక్కువ భాగం ప్రజల పన్నుల డబ్బుతోనే నడుస్తుంది. ఆ బడ్జెట్లు మీ ప్రతినిధుల చేతుల్లో ఉంటాయి. వాళ్లకు ఉత్తరం రాసేటప్పుడు మలేరియాను అంతం చేయండి అని రాస్తే పక్కన పడేస్తారు. ఫలానా పరిశోధన మండలికి గత ఏడాది ఎంత కేటాయించారు, ఈ ఏడాది ఎంత, తగ్గితే ఎందుకు అని అడగండి. జీ-ఫైండర్‌లో మీ దేశం పేరు దగ్గర ఉన్న అంకెను అదే ఉత్తరంలో రాయండి. జవాబు వచ్చినా రాకపోయినా, బడ్జెట్ చర్చకు ముందు నెలలో మళ్లీ రాయండి.